లేబుల్ మీది వాట్లు, కొండ మీది వెలుగు: టైడా ప్రాంతంలో థిన్‌ఫిల్మ్ సౌర ప్యానెళ్ల ఉత్పత్తి అంచనా

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో శివలింగపురం దాటిన తరువాత దారి కొండలెక్కడం మొదలవుతుంది. ఆ తరువాతి స్టేషన్ టైడా. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని ఈ ఊరి చుట్టూ అడవి, వాలు భూములు, గెడ్డలు ఉన్నాయి. చోడి, సామ, వలిసెలు, పసుపు, ఇంకా పైకి వెళ్లిన కొద్దీ సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, మిరియాలు ఇక్కడి పంటలు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు మించిన వర్షం పడినా, వేసవిలో గెడ్డలు సన్నగిల్లి మెట్టు పొలానికి నీరెత్తడం కష్టమవుతుంది. విద్యుత్తు తీగలు అందని వాలుల్లో సౌర పంపు సహజంగానే మంచి మార్గంగా కనిపిస్తుంది. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం 7.5 హెచ్‌పీ వరకు గ్రిడ్‌తో సంబంధం లేని సౌర పంపులకు సహాయం అందిస్తోంది.

అయితే పంపు ఎంత నీరిస్తుందన్న ప్రశ్నకు ప్యానెల్ వెనుక అంటించిన లేబుల్ జవాబు చెప్పదు. ఆ లేబుల్ మీది వాట్లు ప్రయోగశాలలో, చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుగులో, ప్యానెల్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండగా, సూర్యుడు నడినెత్తి నుంచి సుమారు 48 డిగ్రీలు వాలినప్పటి కాంతి వర్ణపటంతో కొలిచినవి. ఈ మూడు షరతులూ టైడా ఆకాశంలో ఒకేసారి కుదిరే క్షణాలు చాలా తక్కువ. పొగమంచు ఉదయాలు, మబ్బు పట్టిన వానాకాలం, తూర్పున కొండ అడ్డు, చెట్ల నీడ ఇక్కడి నిత్య వాస్తవాలు. ఈ పరిస్థితుల్లో థిన్‌ఫిల్మ్ ప్యానెళ్లు, అంటే పలుచని పొర ప్యానెళ్లు మేలన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలో నిజమెంతో తేల్చడానికి ప్యానెల్ విద్యుత్ స్వభావాన్ని గణిత నమూనాగా మలచి, నెలవారీగా లెక్కించి చూడాలి.

పలుచని పొర అంటే

మామూలు స్ఫటిక సిలికాన్ ప్యానెల్‌లోని పలక మందం సుమారు 150 నుంచి 180 మైక్రాన్లు. పలుచని పొర ప్యానెల్‌లో కాంతిని గ్రహించే పదార్థం కొద్ది మైక్రాన్లు మాత్రమే. అస్ఫటిక సిలికాన్‌లో ఒక మైక్రాన్ కంటే తక్కువ. గాజు మీద ఆ పొరను పూసి, లేజర్‌తో సన్నని పొడవాటి పట్టీలుగా కోసి, ఒకదాని వెనుక ఒకటిగా కలుపుతారు. అస్ఫటిక సిలికాన్, కాడ్మియం టెల్యురైడ్, కాపర్ ఇండియం గాలియం సెలెనైడ్ ఇందులో ముఖ్యమైన మూడు రకాలు. నేటి మార్కెట్‌లో కాడ్మియం టెల్యురైడ్‌దే పైచేయి. ఫస్ట్ సోలార్ సంస్థ 2024 జనవరిలో తమిళనాడులో ఏటా 3.3 గిగావాట్ల సామర్థ్యం గల కర్మాగారాన్ని ప్రారంభించడంతో ఈ రకం ప్యానెళ్లు మన దేశంలోనే తయారవుతున్నాయి.

ఒక కిలోవాట్‌కు కావలసిన స్థలంలోనూ తేడా ఉంది. 21 శాతం సామర్థ్యం గల స్ఫటిక సిలికాన్‌కు సుమారు 4.8 చదరపు మీటర్లు, 18.5 శాతం గల కాడ్మియం టెల్యురైడ్‌కు 5.4 చదరపు మీటర్లు, 7 శాతం గల పాత తరహా అస్ఫటిక సిలికాన్‌కు 14 చదరపు మీటర్లు పడుతుంది. గాజు పలకలను భుజాల మీద కొండకు మోయవలసిన చోట ఈ తేడా చిన్నది కాదు.

చెరువు పోలికతో ఐదు రాశులు

1949లో షాక్లీ ప్రతిపాదించిన అర్ధవాహక సంధి సిద్ధాంతమే సౌర ఘటం నమూనాకు పునాది. ఇంజనీర్లు వాడే ఏక డయోడ్ నమూనాలో ఐదు రాశులు ఉంటాయి. వ్యవసాయదారులకు చెరువు పోలికతో ఇవి సులువుగా బోధపడతాయి.

చెరువులోకి వచ్చే వాగు నీరు కాంతి ప్రవాహం. వెలుగు ఎంతో ఆ ప్రవాహం అంత. చెరువులో నీటి మట్టం వోల్టేజి. మట్టం ఒక హద్దు దాటగానే నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. డయోడ్ చేసే పని అదే. అలుగు ఎంత ఎత్తున పొర్లడం మొదలవుతుందో, ఎంత వేగంగా పెరుగుతుందో తెలిపేవి డయోడ్ సంతృప్త ప్రవాహం, ఆదర్శ గుణకం అనే రెండు రాశులు. గట్టులోని గండి ద్వారా జారిపోయే నీరు సమాంతర నిరోధం గుండా పోయే లీకేజి. పంట కాలువలోని ఒరిపిడి శ్రేణి నిరోధం.

తూము పూర్తిగా తెరిస్తే నీరంతా బయటికి పోతుంది గాని మట్టం నిలవదు. పూర్తిగా మూస్తే మట్టం నిండుతుంది గాని పొలానికి చుక్క చేరదు. వచ్చిన నీరంతా అలుగు పాలు, గండి పాలు అవుతుంది. ప్రవాహాన్ని మట్టంతో గుణిస్తే వచ్చే ఫలితం ఎక్కడ అత్యధికమో అదే గరిష్ఠ సామర్థ్య బిందువు. పంపు కంట్రోలర్ రోజంతా ఈ బిందువును వెతుకుతూ ఉంటుంది.

2006లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డి సోటో, క్లైన్, బెక్‌మన్‌లు తయారీదారు ఇచ్చే వివరాలతోనే ఈ ఐదు రాశులనూ రాబట్టి, వెలుగు, ఉష్ణోగ్రత మారినప్పుడు వాటిని సవరించే పద్ధతిని ప్రచురించారు. అందులో ఒక ముఖ్యమైన సవరణ ఏమంటే, వెలుగు తగ్గిన కొద్దీ సమాంతర నిరోధం అదే నిష్పత్తిలో పెరుగుతుందని తీసుకోవడం. దీని ప్రాధాన్యం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది.

నిండు వెలుగులో 50 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 100 వాట్లు ఇచ్చే పలుచని పొర ప్యానెల్‌ను తీసుకుందాం. దాని సమాంతర నిరోధం 500 ఓములు అయితే లీకేజి 0.1 ఆంపియర్, అంటే 5 శాతం. పొగమంచు ఉదయం వెలుగు 200 వాట్లకు పడిపోయి, వచ్చే ప్రవాహం సుమారు 0.4 ఆంపియర్లయిందనుకుందాం. నిరోధం మారదని భావిస్తే 47 వోల్టుల వద్ద లీకేజి 0.094 ఆంపియర్లు, అంటే రావలసిన దానిలో దాదాపు నాలుగో వంతు పోయినట్లు లెక్క వస్తుంది. నిరోధం అయిదు రెట్లు పెరిగి 2,500 ఓములు అయిందని తీసుకుంటే లీకేజి 0.019 ఆంపియర్లు మాత్రమే. నష్టం మళ్లీ 5 శాతం లోపే ఉంటుంది. ఒకే ప్యానెల్‌కు, ఒకే ఉదయానికి, ఒక్క ఊహ మారితే అంచనా ఇంతగా మారుతుంది. కనుక తక్కువ వెలుగులో ప్యానెల్ ఎలా పనిచేస్తుందో ఊహించడం తగదు; కొలిచి తెలుసుకోవాలి.

పలుచని పొరకు ఆరో రాశి

అస్ఫటిక సిలికాన్ విషయంలో ఐదు రాశులు చాలవు. ఈ పదార్థంలో కాంతి వల్ల పుట్టిన ఆవేశాలను లోపలి విద్యుత్ క్షేత్రమే బయటికి లాగుతుంది. వోల్టేజి పెరిగిన కొద్దీ ఆ క్షేత్రం బలహీనపడి, ఆవేశాలు దారిలోనే ఒకదానితో ఒకటి కలిసి నశిస్తాయి. నిండిన చెరువు వాగు నీటిని వెనక్కి తోసినట్లు, వోల్టేజి పెరిగితే కాంతి ప్రవాహమే తగ్గుతుందన్నమాట. 1998లో మెర్టెన్ బృందం ఈ పునస్సంయోగ నష్టాన్ని ఏక డయోడ్ సమీకరణంలో అదనపు పదంగా చేర్చింది. సౌర కేంద్రాల రూపకల్పనలో విస్తృతంగా వాడే పీవీసిస్ట్ సాఫ్ట్‌వేర్ పలుచని పొర ప్యానెళ్లకు ఈ సవరణనే అనుసరిస్తుంది. సమాంతర నిరోధం వెలుగుతో పాటు మారడాన్ని కూడా అది విడిగా లెక్కిస్తుంది.

మరొక చిక్కు కాలంతో ముడిపడినది. 1977లో స్టేబ్లర్, రాన్‌స్కీలు అస్ఫటిక సిలికాన్ ఎండకు గురైన కొద్దీ దాని గుణం కొంత క్షీణిస్తుందని, వేడి చేస్తే తిరిగి కోలుకుంటుందని గుర్తించారు. కొత్త ప్యానెల్ తొలి నెలల్లో పదో వంతు నుంచి, కొన్ని రకాల్లో మరింత ఎక్కువగా, సామర్థ్యాన్ని కోల్పోవచ్చు. మైదానాల్లో వేసవి వేడి ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది. టైడా వంటి చల్లని చోట ప్యానెల్ అంతగా వేడెక్కదు కనుక ఆ కోలుకోవడం తక్కువగానే ఉంటుందని భావించాలి. అందుచేత బిగించిన తొలి వారంలో తీసిన కొలతలను ఏళ్ల తరబడి అంచనాకు ఆధారం చేసుకోరాదు. ప్యానెల్ స్థిరపడిన తరువాతి కొలతలే నమూనాకు తగినవి.

వేడి, రంగు, నీడ

పలుచని పొరకు ప్రధానంగా చెప్పే మేలు వేడికి తట్టుకోవడం. ప్యానెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు స్ఫటిక సిలికాన్ సుమారు 0.40 శాతం, కాడ్మియం టెల్యురైడ్ సుమారు 0.28 శాతం సామర్థ్యాన్ని కోల్పోతాయి. ప్యానెల్ ఉష్ణోగ్రతను ఈ సాధారణ సూత్రంతో అంచనా వేయవచ్చు:

ప్యానెల్ ఉష్ణోగ్రత = గాలి ఉష్ణోగ్రత + (సాధారణ పని ఉష్ణోగ్రత – 20) × వెలుగు ÷ 800

సాధారణ పని ఉష్ణోగ్రత 45 డిగ్రీలని, వెలుగు 900 వాట్లని తీసుకుంటే, గాలి 42 డిగ్రీలున్న మైదాన ప్రాంతంలో ప్యానెల్ 70 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ స్ఫటిక సిలికాన్ నష్టం 18 శాతం, కాడ్మియం టెల్యురైడ్ నష్టం 12.6 శాతం, తేడా 5.4 శాతం. గాలి 30 డిగ్రీలే ఉన్న కొండ మీద ప్యానెల్ 58 డిగ్రీల వద్ద నిలుస్తుంది. అక్కడ నష్టాలు వరుసగా 13.2, 9.3 శాతం, తేడా 4 శాతం లోపు. ఇక గాలి 14 డిగ్రీలు, వెలుగు 300 వాట్లు ఉండే జనవరి ఉదయం ప్యానెల్ ఉష్ణోగ్రత 23.4 డిగ్రీలు మాత్రమే. అప్పుడు పలుచని పొరకు వేడి వల్ల దక్కే మేలు ఏమీ మిగలదు.

రెండో మేలు వెలుగు రంగుకు సంబంధించినది. స్ఫటిక సిలికాన్ శక్తి అంతరం 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు కాగా కాడ్మియం టెల్యురైడ్‌ది సుమారు 1.45, అస్ఫటిక సిలికాన్‌ది సుమారు 1.7. అంతరం పెరిగిన కొద్దీ పదార్థం పరారుణ కాంతిని వదిలి, కంటికి కనిపించే కాంతినే వాడుకుంటుంది. వానాకాలపు గాలిలోని నీటి ఆవిరి పరారుణాన్ని ఎక్కువగా మింగుతుంది. మబ్బుల గుండా చెదిరి వచ్చే వెలుగులో నీలి భాగం ఎక్కువ. ఈ రెండూ పలుచని పొరకు అనుకూలం. అందుకు విరుద్ధంగా, చలికాలపు ఉదయం నిర్మలమైన ఆకాశంలో సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు వెలుగు ఎరుపు వైపు మొగ్గి, ఈ మేలు తారుమారవుతుంది.

మూడోది నీడ. స్ఫటిక సిలికాన్ ప్యానెల్‌లో ఒక చదరపు ఘటం మీద ఆకు పడినా దాని వరుస అంతా కుంటుపడుతుంది. పలుచని పొర ప్యానెల్‌లో పట్టీలు ఈ చివర నుంచి ఆ చివర వరకు ఉంటాయి కనుక, నీడ అన్ని పట్టీల మీదుగా సమానంగా అడ్డం పడితే నష్టం నీడ పడిన భాగం మేరకే ఉంటుంది. కాని నీడ ఒక పట్టీని నిలువునా కప్పితే ప్యానెల్ మొత్తం దెబ్బతింటుంది. కాబట్టి సిల్వర్ ఓక్ నీడ ఏ వైపు నుంచి వస్తుందో చూసి, పట్టీలు దానికి అడ్డంగా ఉండేలా ప్యానెల్‌ను తిప్పి బిగించాలి. ఖర్చు లేని ఈ జాగ్రత్త, సాంకేతిక రకాన్ని మార్చడం కంటే ఎక్కువ ఫలితం ఇవ్వవచ్చు.

మూడు కాలాలు, మూడు అవసరాలు

ఈ మేళ్లను పంట క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే అసలు విషయం బయటపడుతుంది.

జూన్ నుంచి అక్టోబరు వరకు మబ్బు, చెదిరిన వెలుగు, ఆవిరి నిండిన గాలి. పలుచని పొర తన ప్రత్యేకతను పూర్తిగా చూపేది ఈ కాలంలోనే. కాని అప్పుడు పొలానికి నీరెత్తవలసిన అవసరమే ఉండదు. తాగునీటి పథకానికి, ఇంటి దీపాలకు, టీకాల శీతల పెట్టెకు మాత్రం ఆ మేలు నిజంగా ఉపయోగపడుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాజ్‌మా, కూరగాయలకు తడులు, కాఫీ కోత, గింజ ఆరబెట్టడం సాగుతాయి. ఉదయం పొగమంచు, చలి. వేడి వల్ల తేడా లేదు. రంగు వల్ల మేలు అనిశ్చితం. ఈ కాలంలో ఫలితాన్ని నిర్ణయించేది తక్కువ వెలుగులో ప్యానెల్ లీకేజి. ఆ విషయంలో మంచి నాణ్యత గల స్ఫటిక సిలికాన్ కూడా వెనుకబడదు. నాసిరకం పలుచని పొర వెనుకబడవచ్చు. ఆరబెట్టే యంత్రం ఫ్యాన్‌కు కొద్దిపాటి వెలుగు చాలు కనుక ఉదయపు ప్రతి వాటూ అక్కరకొస్తుంది. పంపు అలా కాదు.

మార్చి నుంచి మే వరకు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నీటి అవసరం శిఖరానికి చేరుతుంది. వేడి వల్ల పలుచని పొరకు దక్కేది సుమారు 4 శాతం. అప్పటికి గెడ్డలో నీరు అడుగంటి ఉంటే, పంపును ఆపేది విద్యుత్తు కొరత కాదు, నీటి కొరత.

ఏడాది మొత్తానికి వచ్చే యూనిట్లను కూడి రెండు సాంకేతికతలను పోల్చడం సౌర కేంద్రం యజమానికి సరైన పద్ధతే. ప్రతి యూనిట్‌నూ అతడు అమ్ముకుంటాడు. రైతుకు ఆగస్టు యూనిట్, ఏప్రిల్ యూనిట్ ఒకటి కావు.

వాట్ల నుంచి నీటికి

ఒక ఘనపు మీటరు నీటిని ఒక మీటరు ఎత్తడానికి 2.725 వాట్ అవర్ల శక్తి కావాలి. ఎకరం కూరగాయల తోటకు రోజుకు 4 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే 16.2 ఘనపు మీటర్లు. గెడ్డ నుంచి మొత్తం ఎత్తు 25 మీటర్లయితే 1.1 యూనిట్లు, మోటారు, పంపు కలిసి 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 2.76 యూనిట్లు. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల వెలుగు, ప్యానెల్ వ్యవస్థ పనితీరు నిష్పత్తి 0.75 అనుకుంటే 740 వాట్ల ప్యానెళ్లు సరిపోవాలి.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. మొదటిది, పంపు ఒక కనీస వెలుగు దాటే వరకు నీటిని పైకి నెట్టలేదు. ఎత్తు పెరిగిన కొద్దీ ఆ హద్దూ పెరుగుతుంది. ఉదయం 200 వాట్ల వెలుగులో ప్యానెల్ ఎంత చక్కగా పనిచేసినా, పంపు హద్దు 300 వాట్లయితే ఆ శక్తి నీరుగా మారదు. అందుకే నమూనా రోజువారీ సగటుతో ఆగకుండా గంట గంటకూ లెక్కించాలి.

రెండవది మరింత ముఖ్యమైనది. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ సౌర పంపుల ప్రమాణాల్లో నీటి పరిమాణాన్ని ప్యానెల్ తలంపై రోజుకు చదరపు మీటరుకు 7.15 యూనిట్ల వెలుగు ఆధారంగా నిర్దేశించింది. ఆ వెలుగులో డీసీ పంపు 10 మీటర్ల ఎత్తుకు ఒక్కో వాట్‌కు 100 లీటర్ల నీరివ్వాలి. పంపులను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది సరైన కొలబద్ద. దానినే కొండ పొలానికి వాగ్దానంగా తీసుకుంటే పొరపాటు. స్థిరంగా బిగించిన ప్యానెల్ మీద 5 యూనిట్లే పడే చోట నీరు కనీసం 30 శాతం తగ్గుతుంది. పంపు హద్దు వల్ల ఇంకా తగ్గుతుంది. ప్యానెల్ రకం మార్చితే వచ్చే తేడా 4 శాతం, ఆకాశాన్ని తప్పుగా ఊహిస్తే వచ్చే తేడా 30 శాతం. ఏ దోషాన్ని ముందు సరిచేయాలో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఆకాశాన్ని కొలవడం

ఉచితంగా లభించే నాసా పవర్ సౌర వికిరణ సమాచారం ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం గల గడులుగా ఉంటుంది. ఒక డిగ్రీ అంటే సుమారు 110 కిలోమీటర్లు. టైడా నుంచి విశాఖ తీరానికి రోడ్డు దూరం దాదాపు 75 కిలోమీటర్లే. సముద్రపు ఒడ్డు, మైదానం, మంచు నిండే లోయ ఒకే గడిలో ఇమిడి ఒకే సగటుగా మారిపోగలవు. ఇంతకంటే సూక్ష్మమైన ఉపగ్రహ సమాచారం ఉన్నా, లోయ అడుగున నిలిచే పొగమంచును అది పూర్తిగా పట్టుకోలేదు.

కొండ అడ్డును ఏ ఉపగ్రహ పట్టికా పొలం స్థాయిలో చూపదు. తూర్పున శిఖరం 20 డిగ్రీల కోణంలో ఉంటే, సమరాత్ర దినాల్లో కూడా నేరుగా ఎండ తగలడం గంటా ఇరవై నిమిషాలకు పైగా ఆలస్యమవుతుంది. కోణమాపకం, దిక్సూచితో అరగంటలో ఈ ఎత్తులను గుర్తించి నమూనాలో చేర్చవచ్చు.

ఆచరణకు సూచనలు

మొదట, కొండ ప్రాంతంలో పంపులు మంజూరు చేసే ముందు ఒక్కో లోయకు ఒక పైరానోమీటర్‌నైనా, ఉష్ణోగ్రత నమోదు పరికరాన్నైనా కనీసం ఒక ఏడాది ఉంచాలి. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి కేంద్రాల వాతావరణ నమోదులో సౌర వికిరణం తప్పనిసరి అంశం కావాలి.

రెండవది, ప్యానెల్ కొనే సంస్థలు లేబుల్ వాట్లతో సరిపెట్టుకోకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61853 ప్రకారం 100 నుంచి 1,100 వాట్ల వెలుగులో, 15 నుంచి 75 డిగ్రీల ఉష్ణోగ్రతల్లో తీసే 22 కొలతల పట్టికను తయారీదారు నుంచి కోరాలి. సమాంతర నిరోధాన్ని ఊహించకుండా రాబట్టడానికి ఆ పట్టికే ఆధారం.

మూడవది, అంచనా పట్టికలో ఏడాది మొత్తానికి బదులు నెలవారీ నీటి అవసరం, నెలవారీ నీటి లభ్యత, గెడ్డ ప్రవాహం పక్కపక్కన ఉండాలి. తడులకే వాడే పంపుకు మార్చి–మే నెలలు, కాఫీ ఆరబెట్టే ఫ్యాన్‌కు నవంబరు–ఫిబ్రవరి ఉదయాలు, తాగునీటికి ఆగస్టు మబ్బు రోజులు ప్రమాణం కావాలి.

నాల్గవది, నీడ దిశను బట్టి పలుచని పొర పట్టీల దిశను నిర్ణయించి, బిగించే సిబ్బందికి ఆ విషయం లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

ఈ కొలతలు చేతికి వచ్చిన తరువాత ఏడాది పొడవునా నడిచే తాగునీటి పథకానికి కాడ్మియం టెల్యురైడ్ మేలని తేలవచ్చు. వేసవి తడులకు మాత్రమే వాడే పంపుకు వాట్‌కు తక్కువ ధర పడే స్ఫటిక సిలికాన్ చాలునని తేలవచ్చు. ఒకే గూడెంలో రెండు అవసరాలకు రెండు జవాబులు రావడంలో వైరుధ్యమేమీ లేదు. 740 వాట్లు చాలునని లెక్క చూపి ఇచ్చిన పంపు ఏప్రిల్‌లో మూడో వంతు పొలాన్ని తడపకుండా వదిలేస్తే, ఆ లోటును భరించేది లెక్క వేసినవారు కాదు, నారు పోసుకున్న రైతు.